ఓడే జట్టులో ఒక మొనగాడు

2025 మే 18న ఫిలడెల్ఫియా మైదానంలో పిట్స్‌బర్గ్ పైరేట్స్ పిచర్ పాల్ స్కీన్స్ ఎనిమిది ఇన్నింగ్స్ తానొక్కడే బంతులు విసిరాడు. తొమ్మిది మందిని స్ట్రయికవుట్ చేశాడు. మూడే మూడు హిట్లు, ఒకే ఒక్క పరుగు ఇచ్చాడు. పెద్ద లీగులో ఒక ఆటను మొదలుపెట్టి చివరిదాకా తానే ముగించడం అతనికి అదే మొదటిసారి. అలాంటి రోజున గెలవడానికి ఏ జట్టుకైనా రెండు పరుగులు చాలు. పైరేట్స్ ఒక్కటీ చేయలేకపోయారు. 1-0తో ఓడారు. బేస్‌బాల్ లెక్కల పద్ధతి ప్రకారం ఆ ఓటమి స్కీన్స్ పేరు మీదే నమోదైంది.

ఆ ఏడాదంతా అదే వరస. సీజన్ మొత్తం మీద, ఫీల్డర్ల పొరపాట్లవల్ల వచ్చినవి పోను, అతను తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన పరుగులు 1.97. నేషనల్ లీగ్‌లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డుకు ఓటు వేసినవాళ్ళలో ప్రతి ఒక్కరూ అతనికే మొదటి స్థానం ఇచ్చారు. అంతటివాడి ఖాతాలో చివరికి మిగిలినవి పది గెలుపులు, పది ఓటములు. జట్టు 71 ఆటలు గెలిచి, 91 ఓడి, తన డివిజన్‌లో అట్టడుగున నిలిచింది. ముప్పై జట్లలోకీ అతి తక్కువ పరుగులు చేసింది ఆ జట్టే.

ఇలాంటి జట్టును చూసినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది. ఎలాగూ గెలవడం లేదు కదా, ఈ ఒక్కణ్నీ పెద్ద జట్టుకిచ్చి, బదులుగా నలుగురైదుగురు మంచి కుర్రాళ్ళను తెచ్చుకుంటే మేలు కాదా? 2025 వేసవిలో మార్పిడుల గడువు దగ్గరపడుతుంటే ఈ మాట గట్టిగానే వినిపించింది. ఇవ్వబోమని యాజమాన్యం చెప్పింది, గడువు గడిచిపోయింది. కానీ జట్టు ఓడుతున్నంత కాలం ప్రతి వేసవికీ ఈ ప్రశ్న తిరిగొస్తూనే ఉంటుంది. ఎక్కడో అమెరికాలో ఆడే ఆటే అయినా, ఒక ఊరికీ ఆ ఊరు తనదనుకునే మనిషికీ మధ్య ఉండే బంధం గురించిన ప్రశ్న ఇది. అందుకే దీన్ని కాస్త నిదానంగా ఆలోచించాలి.

పిట్స్‌బర్గ్ మనకు మరీ కొత్త ఊరేమీ కాదు. దాని శివారు పెన్ హిల్స్‌లో 1970లలో తిరుమల తిరుపతి దేవస్థానం తోడ్పాటుతో వెలసిన వెంకటేశ్వరస్వామి ఆలయం అమెరికాలోని తొలితరం హిందూ దేవాలయాల్లో ఒకటి. ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ గుడిని చూడటానికే తొలిసారి ఆ ఊరు వెళ్ళాయి. ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఒక టీవీ పోటీలో తమ చేతి సత్తా చూపించాక, 2008లో వాళ్ళతో ఒప్పందం చేసుకున్నదీ ఈ పైరేట్స్ జట్టే. ఇక తన మొనగాణ్ని వదులుకున్న జట్టును ప్రేమించడం ఎలా ఉంటుందో హైదరాబాదు అభిమానులకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిపెట్టి, తెలుగు పాటలకు చిందులేసి ఇంటివాడైపోయిన డేవిడ్ వార్నర్‌ను 2021లో నాయకత్వం నుంచి తప్పించి, తర్వాత జట్టు నుంచే పంపేశారు. ఆ ఏడాది జట్టు అట్టడుగున ఉంది. వార్నర్ ఆట తగ్గిందా లేదా అన్న వాదన అలా ఉంచి, పంపిన తీరు చాలామంది మనసుల్లో ఇప్పటికీ ముల్లులా ఉంది.

స్కీన్స్‌ను ఇచ్చేయమనేవాళ్ళ వాదనలో బలం లేకపోలేదు. దాన్ని ముందు న్యాయంగా వినాలి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో జట్టు జీతాలకు గట్టి పరిమితి లేదు. 2025లో లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ ఆటగాళ్ళ జీతాలకు ముప్పై కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెడితే, పైరేట్స్ పెట్టింది పది కోట్లకు లోపే. ఒక ఆటగాడు పెద్ద లీగులో ఆరేళ్ళ సర్వీసు పూర్తి చేస్తే తనకు నచ్చిన జట్టుకు వెళ్ళే స్వేచ్ఛ వస్తుంది. స్కీన్స్ విషయంలో అది 2029 సీజన్ ముగిశాక. అప్పుడు అతనికి పెద్ద నగరాలు ఇవ్వగలిగే మొత్తం పిట్స్‌బర్గ్ ఇవ్వగలదని నమ్మేవాళ్ళు తక్కువ. ఈ ఊరికి ఆ అనుభవం ఉంది కూడా. 1990లో, 1992లో లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడిగా నిలిచిన బ్యారీ బాండ్స్ ఒప్పందం తీరాక శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్ళిపోయాడు. 1993 నుంచి 2012 దాకా వరుసగా ఇరవై సీజన్లు పైరేట్స్‌కు గెలుపులకన్నా ఓటములే ఎక్కువ. పైగా స్కీన్స్ పిచర్. గంటకు వంద మైళ్ళ వేగంతో బంతి విసిరే మోచేతిలోని లిగమెంట్ ఏ రోజు తెగుతుందో ఏ వైద్యుడూ ముందే చెప్పలేడు. తెగితే ఏడాదికి పైగా ఆట ఉండదు. ఇవాళ కొండంత ధర పలికే చెయ్యి రేపు ప్రశ్నార్థకం కావచ్చు. కనుక ధర ఉన్నప్పుడే ఇచ్చేయాలన్నది వాళ్ళ లెక్క.

ఈ లెక్కకు ఎదురు నిలబడే కథ వెతకడానికి వేరే ఊరు వెళ్ళక్కర్లేదు. పిట్స్‌బర్గ్ ఒకసారి సరిగ్గా ఇదే పని చేసింది.

1946 నుంచి 1952 దాకా ఏడు సీజన్లు వరుసగా నేషనల్ లీగ్‌లో అందరికన్నా ఎక్కువ హోమ్ రన్లు కొట్టినవారు రాల్ఫ్ కైనర్. ఒక్కోసారి మరొకరితో సమంగా, మిగతా అన్నిసార్లూ ఒంటరిగా ఆయనే మొదట. ఆ కాలంలో పైరేట్స్ చాలావరకు ఓడే జట్టే. అయినా 1947 నుంచి 1950 వరకు ఏటా పది లక్షలమందికి పైగా జట్టు మైదానం ఫోర్బ్స్ ఫీల్డ్‌కు వచ్చారు. కైనర్ చివరిసారి బ్యాటింగ్ చేసి వెళ్ళగానే, ఆట ఇంకా మిగిలి ఉన్నా, జనం లేచి ఇళ్ళకు బయల్దేరేవారని చెప్పుకుంటారు. గెలుపు దొరకని ఊరికి ఆయన బ్యాటు పండగ తెచ్చింది. 1952లో జట్టు 112 ఆటలు ఓడింది. ఆ ఏడు కూడా కైనర్ 37 హోమ్ రన్లు కొట్టారు. మరుసటి ఏడాది జీతం మాట వచ్చినప్పుడు జనరల్ మేనేజర్ బ్రాంచ్ రికీ కోత పెడతానన్నారు. నువ్వున్నా చివరి స్థానమే, లేకున్నా చివరి స్థానమే కదా అని ఆయన అన్నట్టుగా చెప్పే మాట బేస్‌బాల్ చరిత్రలో స్థిరపడిపోయింది. 1953 జూన్ 4న పది మంది ఆటగాళ్ళు అటూ ఇటూ మారిన ఒప్పందంలో కైనర్ చికాగో కబ్స్‌కు వెళ్ళారు. పైరేట్స్‌కు కొంత డబ్బు కూడా ముట్టింది.

ఆ తర్వాత జరిగింది జాగ్రత్తగా చూడాలి. జట్టు 1953లోనూ, 1954లోనూ, 1955లోనూ చివరి స్థానంలోనే ఉంది. రికీ మాట ఆ మేరకు నిజమైంది. జనం మాత్రం రావడం మానేశారు. 1954లో మొత్తం సీజన్‌కు వచ్చినవాళ్ళు ఐదు లక్షలు కూడా లేరు. అటు కైనర్‌ను నడుంనొప్పి బాధించింది, 1955 తర్వాత ఆయన ఆట విరమించారు. అప్పటికి ముప్పైమూడేళ్ళు కూడా నిండలేదు. అంటే వయసును, ధరను లెక్కగట్టడంలో రికీ తప్పు చేయలేదు. మరి ఆ మార్పిడి మంచిదేనా? 1960లో న్యూయార్క్ యాంకీస్‌ను ఓడించి వరల్డ్ సిరీస్ గెలిచిన పైరేట్స్ జట్టును చూస్తే జవాబు తెలుస్తుంది. కైనర్‌కు బదులుగా వచ్చినవాళ్ళలో ఒక్కరూ ఆ జట్టులో లేరు. ఆ జట్టును నిలబెట్టింది వేరే పని. ఊళ్ళూళ్ళకూ మనుషుల్ని పంపి కుర్రాళ్ళను వెతికించడం, దొరికినవాళ్ళను ఓపికగా తీర్చిదిద్దడం, ఇతర జట్లు పట్టించుకోకుండా వదిలేసినవాళ్ళ మీద కన్నేయడం. బ్రూక్లిన్ డాడ్జర్స్ తమ చిన్న లీగు జట్టులో దాచి ఉంచిన ప్యూర్టోరికో కుర్రాడు రాబర్టో క్లెమెంటేను 1954 నవంబరులో పైరేట్స్ నాలుగు వేల డాలర్లకు తెచ్చుకున్నది అలాంటి చూపుతోనే. ఆ చూపు కూడా రికీదే. ఆయన గొప్పతనం అక్కడుంది. కైనర్‌ను పంపడం ఆ గొప్పతనంలో భాగం కాదు.

ఈ ఒక్క ఉదాహరణతో తీర్పు చెప్పేస్తే అన్యాయం. మార్పిడి ఫలించిన సందర్భాలూ ఉన్నాయి. 2007లో టెక్సస్ రేంజర్స్ తమ డివిజన్‌లో అట్టడుగున ఉన్నప్పుడు తమ ప్రధాన బ్యాటర్ మార్క్ టెషేరాను అట్లాంటాకు ఇచ్చి, ఐదుగురు కుర్రాళ్ళను తీసుకున్నారు. వాళ్ళలో ఎల్విస్ ఆండ్రస్, నెఫ్తాలీ ఫెలిస్, మాట్ హారిసన్ ఉన్నారు. 2010లో రేంజర్స్ చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్‌కు చేరారు, 2011లో మళ్ళీ చేరారు. 2002లో క్లీవ్‌లాండ్ తమ మేటి పిచర్ బార్టోలో కొలోన్‌ను మాంట్రియల్‌కు ఇచ్చి క్లిఫ్ లీ, గ్రేడీ సైజ్‌మోర్, బ్రాండన్ ఫిలిప్స్‌లను తెచ్చుకోవడం కూడా గొప్ప బేరంగానే నిలిచింది. అయితే టెక్సస్‌లో ఆ ముగ్గురూ వచ్చేనాటికే కుర్రాళ్ళను పెంచే ఏర్పాటు సిద్ధమవుతోంది. వాళ్ళ పక్కన నిలబడటానికి మరికొందరిని వెతికే పని ఆగలేదు. కోతకొచ్చిన చేనును అమ్మి విత్తనాలు కొన్నంత మాత్రాన పంట చేతికిరాదు. దుక్కి దున్నేవాడు, నీరు పెట్టేవాడు, వేళకు కలుపు తీసేవాడు ఇంట్లో ఉండాలి. అలాంటివాళ్ళు ఉన్న ఇంట్లో ఆ బేరం నిలబడింది.

లేని ఇంట్లో ఏమవుతుందో వాషింగ్టన్ చూపిస్తోంది. 2019లో వరల్డ్ సిరీస్ గెలిచిన వాషింగ్టన్ నేషనల్స్‌లో ఇరవై ఒకటో పుట్టినరోజును ఆ సిరీస్ మధ్యలోనే జరుపుకున్న కుర్రాడు హ్వాన్ సోటో. 2022 వచ్చేసరికి జట్టు కుప్పకూలింది. పదిహేనేళ్ళకు 44 కోట్ల డాలర్లు ఇస్తామంటే సోటో వద్దన్నాడు. 2022 ఆగస్టు 2న అతన్ని శాన్‌డియాగోకు ఇచ్చేశారు. బదులుగా వచ్చిన కుర్రాళ్ళు నిజంగా మెరికలే. సీజే ఏబ్రమ్స్ 2024లో, జేమ్స్ వుడ్, మెకెంజీ గోర్ 2025లో ఆల్‌స్టార్లయ్యారు. ఒక్కరికి ముగ్గురు ఆల్‌స్టార్లు రావడం కన్నా మంచి బేరం ఏ జట్టూ కోరుకోలేదు. అయినా 2025లో నేషనల్స్ గెలిచింది 66 ఆటలు, ఓడింది 96. ఆ జూలైలో జనరల్ మేనేజర్‌ను, మేనేజర్‌ను ఒకేసారి తొలగించారు. బేరం బాగుంది, జట్టు మాత్రం బాగుపడలేదు. సోటో మాత్రం 2024 చివర్లో న్యూయార్క్ మెట్స్‌తో 76.5 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు.

మరి అంటిపెట్టుకుని ఉంటే? అదీ ఒక్కటే మందు కాదని లాస్ ఏంజెలిస్ ఏంజెల్స్ కథ చెబుతుంది. 2023 జూలైలో బంతి విసరడంలోనూ, బ్యాటింగ్‌లోనూ మేటి అయిన షోహెయ్ ఓతానీని ఇచ్చేయడమా, ఉంచుకోవడమా అని ఆ జట్టు ఊగిసలాడి, చివరికి ఉంచుకుంది. ఆ నిర్ణయం బయటికొచ్చిన మర్నాడే, జూలై 27న, డెట్రాయిట్‌లో ఒకే రోజు జరిగిన రెండు ఆటల్లో మొదటిదాంట్లో ఓతానీ ఒకే ఒక్క హిట్ ఇచ్చి ఆటంతా తానే విసిరి గెలిపించాడు. రెండోదాంట్లో రెండు హోమ్ రన్లు కొట్టాడు. అభిమానుల ఆశలు ఆకాశాన్నంటాయి. ప్లేఆఫ్స్ కోసం మేనేజ్‌మెంట్ తన దగ్గరున్న మంచి కుర్రాళ్ళను ఇచ్చి అనుభవజ్ఞులను తెచ్చుకుంది. ఆగస్టులో జట్టు వరుస ఓటములతో కూలింది. ఆ నెల 23న ఓతానీ మోచేతి లిగమెంట్ దెబ్బతింది. కొత్తగా తెచ్చినవాళ్ళలో కొందరిని జీతాల భారం తగ్గించుకోవడానికి నెలాఖరుకే వదిలేశారు. డిసెంబరులో ఓతానీ 70 కోట్ల డాలర్లకు పక్కనే ఉన్న డాడ్జర్స్‌కు వెళ్ళాడు. 2024లోనూ, 2025లోనూ అక్కడ వరల్డ్ సిరీస్ గెలిచాడు. ఏంజెల్స్‌కు మిగిలింది ఆటగాళ్ళ వార్షిక ఎంపికలో ఒక అదనపు అవకాశం మాత్రమే.

ఇచ్చేసిన వాషింగ్టన్ ఓడింది, ఉంచుకున్న ఏంజెల్స్ కూడా ఓడింది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేటపడుతుంది. ఉంచాలా ఇవ్వాలా అన్న ప్రశ్నకు మనం అవసరానికి మించిన బరువు ఇస్తున్నాం. ఆ ఒక్క నిర్ణయంతో తలరాత మారుతుందని ఆశపడుతున్నాం. నిజానికి చాన్నాళ్ళుగా ఓడుతున్న జట్టులో లోపం ఆ ఒక్క ఆటగాడి చోట లేదు. మిగతా ఇరవై అయిదు చోట్ల ఉంది. ఆ చోట్లను నింపలేకపోయినవాళ్ళే రేపు బేరంలో వచ్చే కుర్రాళ్ళనూ పెంచాలి, వాళ్ళ పక్కనా మనుషుల్ని నిలపాలి. చేతికందిన ఒక్క వరాన్ని వాడుకోలేనివాళ్ళు అయిదుగురు వస్తే వాడుకుంటారన్న భరోసా ఎక్కడిది?

పిట్స్‌బర్గ్‌కు ఈ భరోసా ఇంకా దొరకలేదు. ఇరవై ఏళ్ళ ఓటముల చీకటి నుంచి జట్టును బయటికి నడిపించినవాడు ఆండ్రూ మెకచన్. 2013లో లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు. ఆ ఏడు మొదలుకొని మూడేళ్ళు వరుసగా పైరేట్స్ ప్లేఆఫ్స్ ఆడారు. 2018 జనవరిలో అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకు ఇచ్చేశారు. బదులుగా వచ్చినవాళ్ళలో బ్రయన్ రేనల్డ్స్ నిఖార్సయిన ఆటగాడిగా ఎదిగాడు. 2023లో జట్టు అతనితో 10 కోట్ల డాలర్లు దాటిన దీర్ఘకాల ఒప్పందం చేసుకుంది. బేరంగా చూస్తే మెకచన్‌ను ఇచ్చి నష్టపోలేదు. కానీ 2019 నుంచి 2025 దాకా ఒక్క సీజన్‌లోనూ గెలుపులు ఓటముల్ని దాటలేదు. 2023లో మెకచన్‌ను మళ్ళీ ఊరికి తెచ్చుకున్నప్పుడు జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ముప్పై ఆరేళ్ళ మెకచన్ మునుపటిలా ఆడతాడని ఎవరూ అనుకోలేదు. తమ మనిషి తిరిగొచ్చాడన్నదే ఆ సంతోషం. జట్ల లెక్కల పుస్తకాల్లో ఆ సంతోషానికి గడి లేదు. అయినా పిల్లల చెయ్యి పట్టుకుని తల్లిదండ్రులు మైదానానికి వచ్చేది దానికోసమే.

2025 ఏప్రిల్‌లో ఆ ఊళ్ళోనే జరిగిన ఒక చిన్న సంగతి దీన్ని ఇంకా స్పష్టం చేస్తుంది. క్లెమెంటే పద్దెనిమిది సీజన్లు పిట్స్‌బర్గ్‌కే ఆడి, సరిగ్గా మూడు వేల హిట్లు కొట్టి, 1972 డిసెంబరు 31న నికరాగ్వా భూకంప బాధితులకు సాయం తీసుకెళ్తూ విమాన ప్రమాదంలో కన్నుమూశారు. ఆయన నంబరు 21. ఇప్పటి పీఎన్‌సీ పార్కు కుడివైపు గోడను ఆయన జ్ఞాపకంగానే 21 అడుగుల ఎత్తున కట్టారు. ఆ గోడమీది 21 గుర్తును తీసేసి ఒక మద్యం ప్రకటన పెట్టారు. కుటుంబం బాధపడింది, ఊరు కోప్పడింది, జట్టు క్షమాపణ చెప్పి గుర్తును తిరిగి పెట్టింది. ఆ నెలలోనే సొంత మైదానంలో తొలి ఆటకు వచ్చిన జనం యజమాని బాబ్ నట్టింగ్‌ను ఉద్దేశించి, జట్టును అమ్మేయమని నినాదాలు చేశారు. ఆ నినాదంలోని ఆవేదన గమనించదగ్గది. ఆటగాణ్ని అమ్మి బాగుపడండి అని ఊరు అడగలేదు. మా జ్ఞాపకాలకు విలువిచ్చేవాళ్ళ చేతిలో జట్టును పెట్టండి అని అడిగింది. కోపంగా అడిగినా అది ప్రేమతో అడిగిన మాట.

ఇంతవరకు జట్టు గురించి, ఊరి గురించి మాట్లాడాం. మధ్యలో ఉన్న మనిషి మాటేమిటి? మార్పిడి అనేది ఆటలో ఎంత మామూలైపోయిందంటే, చేతులు మారేది మనిషి జీవితమని గుర్తుచేయాల్సి వస్తోంది. 1969 అక్టోబరులో సెయింట్ లూయీ కార్డినల్స్ తమ దగ్గర పన్నెండు సీజన్లు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. ఆయనను ఎవరూ అడగలేదు. ఆయన వెళ్ళనన్నారు. నేను కొని అమ్మే వస్తువును కాను అనే అర్థం వచ్చేలా కమిషనర్‌కు ఉత్తరం రాసి, కోర్టుకెక్కారు. 1972లో సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల మాటతో, ముగ్గురి అసమ్మతి మధ్య, ఆయనకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఆయన ఆట జీవితం అప్పటికే ముగిసిపోయింది. కానీ ఆయన తెరిచిన దారిలోనే తర్వాతివాళ్ళకు స్వేచ్ఛ వచ్చింది. ఇవాళ పెద్ద లీగులో పదేళ్ళు ఆడి, అందులో చివరి ఐదేళ్ళు ఒకే జట్టులో ఉన్న ఆటగాణ్ని అతని ఒప్పుకోలు లేకుండా మార్చకూడదు. 2024 మేలో పెద్ద లీగులో అడుగుపెట్టిన స్కీన్స్‌కు ఆ హక్కు రావడానికి ఇంకా చాలా కాలం పడుతుంది. చట్టం అడగమనకపోయినా అడగడం మర్యాద. ఓటముల మధ్య కూడా ఊరి పేరు నిలబెట్టినవాడికి ఆ మాత్రం గౌరవం దక్కాలి.

కనుక మన అభిప్రాయం సూటిగానే చెప్పాలి. పైరేట్స్ స్కీన్స్‌ను ఇప్పుడు ఇచ్చేయకూడదు. మోచెయ్యి భయం నిజమైనదే. కానీ ఆ భయంతోనే నిర్ణయాలు తీసుకునే జట్టు ఏ పిచర్‌నూ, ఏనాడూ ఉంచుకోలేదు. 2029 దాకా చేతిలో కాలం ఉంది. పరుగులు చేయగల బ్యాటర్లు లేకపోవడమే లోటని 162 ఆటలు చూసిన ఎవరికైనా తెలుసు. 2025 డిసెంబరులో టాంపా బే నుంచి బ్యాటర్ బ్రాండన్ లౌను తెచ్చుకుని జట్టు ఆ దిశగా ఒక అడుగు వేసింది. 2024 వార్షిక ఎంపికలో తీసుకున్న కానర్ గ్రిఫిన్ మరుసటి ఏడాదే దేశంలోని చిన్న లీగు కుర్రాళ్ళలో మేటి అనిపించుకున్నాడు. అంటే స్కీన్స్‌ను వదులుకుని ఎవరికోసం ఎదురుచూడమంటున్నారో అలాంటి కుర్రాడు ఇంట్లోనే ఎదుగుతున్నాడు. ఇద్దరూ ఒకే జట్టులో ఆడే కాలాన్ని కోల్పోవడం అవివేకం.

ఉంచుకోవడమంటే ఊరికే అట్టిపెట్టుకోవడం కాదు. ముందుగా స్కీన్స్ ముందు నిజాయతీగల దీర్ఘకాల ఒప్పందం పెట్టాలి. అతను వద్దనవచ్చు. అడిగామన్న సంగతి ఊరికి తెలియాలి. రెండోది, అతనికి తక్కువ జీతమిచ్చే ఈ ఏళ్ళలో మిగిలే డబ్బును బ్యాటర్ల మీద ఖర్చుపెట్టాలి. చవగ్గా దొరికిన మొనగాడు పొదుపుకు సాకు కాకూడదు. మూడోది, అభిమానులతో ఉన్నదున్నట్టు మాట్లాడాలి. మూడేళ్ళలో ఏం చేయదలచుకున్నారో చెప్పి, ఏటా దానికి జవాబుదారీగా నిలబడాలి. ఇంత చేశాక కూడా 2028 నాటికి అతను ఉండనని తేల్చి చెబితే, అప్పుడు అతనితో మాట్లాడి, అతనికి నచ్చే చోటు చూసి, ఊరికి కారణం చెప్పి సాగనంపవచ్చు. అలాంటి వీడ్కోలు నొప్పిస్తుంది, కానీ అందులో మోసం ఉండదు.

బలవంతులు, బలహీనులు ఉన్న ప్రతి ఆటలోనూ చిన్న జట్టుకు ఒక ప్రలోభం ఉంటుంది. ఉన్న ఒక్క మంచినీ రేపటి పేరు చెప్పి ఇవాళే అమ్ముకోవడం. ఆ రేపు ఎప్పుడొస్తుందో చెప్పాల్సిన పని ఉండదు కాబట్టి అది తేలికైన దారి. దాని ఖరీదు కట్టేది మైదానానికి వచ్చే జనం. పదేళ్ళ పిల్లవాడికి ఐదేళ్ళ నిరీక్షణ అంటే అతని బాల్యంలో మిగిలినదంతా. ఆ పిల్లవాడు చూస్తుండగానే గెలవడానికి ప్రయత్నించడం జట్టు అతనికి బాకీపడిన పని. పిట్స్‌బర్గ్ ఆ బాకీ తీర్చడానికి కావలసిన మొదటి మనిషి ఇప్పటికే ఆ ఊళ్ళో ఉన్నాడు. రెండోవాణ్ని, మూడోవాణ్ని, పదోవాణ్ని తెచ్చి అతని పక్కన నిలబెట్టడమే యాజమాన్యం పని.